పొరుగువాని అన్నము – మన ఓటు

పెద్దల తరగతి పాఠము
చదువవలసిన వాక్యభాగములు: నెహెమ్యా 5:1-13, యిర్మీయా 29:4-7, అపొస్తలుల కార్యములు 6:1-6



మా రాజపాళయములో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత పెద్దల తరగతి జరుగుతుంది. 2025 డిసెంబరులో ఒక ఆదివారము స్పిన్నింగు మిల్లులో పనిచేసే ఒక సహోదరి రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్ర కూడ లేకుండ తరగతికి వచ్చింది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆమె, "మా ఇంట్లో నాలుగు ఓట్లూ జాబితాలో లేకుండ పోయినవి. ఇల్లు మారి రెండు వీధుల అవతలికి వెళ్లినాము, అంతే" అని చెప్పింది. తరగతిలో ఒక పెద్దాయన, "పోనీలేమ్మా, పేరుంటే ఏమి, లేకుంటే ఏమి? ఎవరు గెలిచినా మన మగ్గము మనము నెయ్యాలి, మన మిల్లుకు మనము పోవాలి" అన్నాడు. ఆమె వెంటనే, "అట్లాగైతే రేషను షాపులో మనకు ఉచితముగా బియ్యము ఎవరిచ్చినట్టు, పెద్దయ్యా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆ దినము మాలో ఎవరమును సరియైన జవాబు చెప్పలేకపోయినాము. ఇద్దరు మాట్లాడినదానిలోను కొంత నిజమున్నది. ఓట్లు వేస్తూనే ఉన్నాము, ధనవంతుడు మరింత ధనవంతుడగుచునే ఉన్నాడు. అయినను ఓటు లేని దినములలో మన పెద్దలు పడిన పాట్లు కూడ మనకు తెలియనివి కావు. ఈ సంగతిని వాక్యపు వెలుగులోను, మన చరిత్ర వెలుగులోను పరిశీలించి ఈ పాఠము సిద్ధపరచినాము. ఏ పార్టీని గాని, ఏ గుర్తును గాని మేము ఇక్కడ సమర్థించుట లేదు.

1. నెహెమ్యా విన్న మొర

నెహెమ్యా గ్రంథము అనగానే మనకు గోడ కట్టుట జ్ఞాపకము వస్తుంది. ప్రసంగములు కూడ ఎక్కువగా గోడ మీదనే వింటాము. కాని ఐదవ అధ్యాయములో గోడపని మధ్యలో ఒక మొర వినబడుతుంది. అది బయటి శత్రువుల మీద కాదు, స్వజనుల మీదనే. కొందరికి పిల్లలు ఎక్కువ, ధాన్యము లేదు. కొందరు కరవులో పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టు పెట్టినారు. కొందరు రాజుగారి పన్ను కట్టుటకు అప్పు చేసినారు. అప్పు తీరక కుమారులను కుమార్తెలను దాసత్వమునకు అప్పగించినారు.

నెహెమ్యా ఏమి చేశాడో గమనించండి. ఆ మొర విని అతనికి మిక్కిలి కోపము వచ్చింది. అయినను కోపములో నోరు జారలేదు, తనలో తాను ఆలోచించుకొన్నాడు. తరువాత ప్రధానులను, అధికారులను ఎదిరించి గద్దించాడు. అంతటితో ఆగక పెద్ద సమాజమును కూర్చాడు. అందరి యెదుట తాకట్టు పొలములు తిరిగి ఇయ్యవలెనని, వడ్డీ మానవలెనని ఒప్పించి, యాజకులను పిలిపించి ప్రమాణము చేయించాడు.

ఇక్కడ మూడు సంగతులు నేర్చుకొనవలెను. మొదటిది, బీదరికము కరవు వలన మాత్రమే రాలేదు. పన్ను, వడ్డీ, తాకట్టు అను మనుష్యుల ఏర్పాట్ల వలన కూడ వచ్చింది. రెండవది, ఆ ఏర్పాట్లు మార్చగలవారు అధికారులే గనుక మొర అధికారి యొద్దకే వెళ్లింది. మూడవది, తీర్పు చీకటి గదిలో కాక సమాజము యెదుట జరిగింది. ఈ మూడింటికి కలిపి మన కాలములో మనము పెట్టుకొన్న పేరు రాజకీయము. ఆ మాట వినగానే మనము ముక్కు చిట్లించుకొంటాము. కాని ఇతరులు దానిని ఎంత మురికి చేసినను, దాని అసలు పని నెహెమ్యా ఐదవ అధ్యాయములో ఉన్నది.

2. నేటి లెక్కలు

మన దేశములో ధనము ఎట్లు పంచబడుచున్నది? పారిస్‌లోని ప్రపంచ అసమానతల పరిశోధన సంస్థకు చెందిన ఆర్థికవేత్తలు 2024 మార్చిలో ఒక పత్రము వెలువరించారు. దాని లెక్క ప్రకారము 2022-23లో దేశపు మొత్తము ఆదాయములో 22.6 శాతము పైనున్న నూటికి ఒక్కరి చేతికి చేరింది. క్రింది సగము జనాభాకు వచ్చినది సుమారు 15 శాతము. ఆస్తి విషయములో భేదము ఇంకా పెద్దది. దేశ సంపదలో 40.1 శాతము నూటికి ఒక్కరి వద్దనే ఉన్నది. 1980ల ప్రారంభములో ఆ నూటికి ఒక్కరి ఆదాయపు భాగము 6 శాతము దగ్గర ఉండినది.

ఇంటి లెక్కలో చెప్పుకొందాము. నూరుమంది భోజనానికి కూర్చున్న విందులో నూరు ముద్దలు వడ్డించారనుకోండి. ఒక్కని విస్తరిలో ఇరవై రెండు ముద్దలకు పైగా పడినవి. చివరి పంక్తిలో కూర్చున్న యాభైమందికి కలిపి పదిహేను ముద్దలు మిగిలినవి. సంఘ విందులో ఇట్లు జరిగితే మనము ఊరకుందుమా? వడ్డించిన వారిని పిలిచి అడుగుదుము గదా.

దేశపు వడ్డన ఎవరి చేతిలో ఉన్నది? పన్ను ఎవరిమీద ఎంత వేయవలెనో, బడికి ఎంత ఇయ్యవలెనో, కనీస వేతనము ఎంత ఉండవలెనో శాసనసభలు, పార్లమెంటు, ప్రభుత్వములు నిర్ణయిస్తాయి. తండ్రి ఆస్తి వారసులకు చేరునప్పుడు వేసే ఎస్టేటు సుంకమును 1985లో తీసివేశారు. సంపద పన్నును 2015 బడ్జెటులో రద్దు చేశారు. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను వచ్చింది. ఒక సబ్బు కొంటే మిల్లు యజమాని ఎంత పన్ను కడతాడో మిల్లు కార్మికురాలు అంతే కడుతుంది. 2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయపు పన్ను మూల రేటును 30 నుండి 22 శాతమునకు తగ్గించుకొను వీలు కల్పించారు. ఇవి మంచివో చెడ్డవో ఎవరి అభిప్రాయము వారిది. పెట్టుబడులు రావలెనన్న వాదము ఒకటున్నది, బీదలమీద భారము పడుచున్నదన్న వాదము మరొకటున్నది. మేము చెప్పదలచినది ఒక్కటే: ఇవి వానలవలె ఆకాశమునుండి పడినవి కావు. మనము ఓటు వేసి పంపినవారు, లేక మనము ఓటు వేయనందున గెలిచినవారు చేసిన తీర్మానములు ఇవి.

3. ఓటు లేని కాలము – మన పెద్దల సాక్ష్యము

తెలుగు బాప్టిస్టులమైన మనకు ఈ పాఠము పుస్తకాలలో వెదకనక్కరలేదు. మన సంఘ చరిత్రలోనే ఉన్నది.

1876-78లో మద్రాసు రాజధానిని మహా కరవు పట్టినది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేశారు. అన్నము కొరకు మతము మారుచున్నారన్న మాట రాకూడదని కరవు కాలములో బాప్తిస్మములు నిలిపివేశారు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ చివరి సంగతి మన పిల్లలకు కూడ తెలుసు. మొదటి సంగతి, అనగా కూలి సంగతి, మరచిపోవుచున్నాము.

ఆ కరవులో ప్రభుత్వము ఏమి చేసింది? 1877లో ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించవలెనని సహాయ పనులలోని కూలిని తగ్గించారు. ఆ కూలితో మనిషి బ్రతుకలేడని వైద్యాధికారులు మొరపెట్టారు. లక్షలమంది చనిపోయారు. కూలి తగ్గించినవారిని గద్దె దించుటకు ఆ ఆకలిగొన్నవారి చేతిలో ఏమియు లేదు. స్వతంత్ర పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశములో పెద్ద కరవు చావులు జరుగవని ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఎన్నో సంవత్సరములుగా చెప్పుచు వచ్చిన మాటకు మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతములే సాక్ష్యము. ఓటు లేనప్పుడు కరవులు పదే పదే వచ్చి ప్రజలను తుడిచిపెట్టినవి. 1943 బెంగాలు కరవు తరువాత, స్వాతంత్ర్యము వచ్చినది మొదలు, అంతటి కరవు మన దేశములో రాలేదు.

రెండవ సాక్ష్యము సముద్రము అవతలిది. మద్రాసు రేవునుండి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో మన తెలుగు బాప్టిస్టులు అనేకులు ఉండిరి. వారి కాపరిగా 1903లో జాన్ రంగయ్య గారు వెళ్లారు. తెలుగు సంఘములు తమ స్వంత కానుకలతో పరదేశమునకు పంపిన మిషనరీ అని ఆయనను గూర్చి అతిశయపడతాము. అయితే ఆయన అక్కడ చూచిన మందకు ఎట్టి స్థితి ఉండినది? 1895లో నేటాల్ ప్రభుత్వము ఒక చట్టము చేసింది. కూలి ఒప్పందము ముగిసిన తరువాత తిరిగి ఓడ ఎక్కక అక్కడనే నిలిచిపోదలచిన ప్రతివాడు ఏటేటా 3 పౌండ్లు పన్ను కట్టవలెను. తరువాత ఆ భారము వారి పిల్లలమీద కూడ పడింది. ఒప్పందపు మొదటి సంవత్సరములో కూలివాని జీతము నెలకు 10 షిల్లింగులు. 3 పౌండ్లు అనగా 60 షిల్లింగులు. అనగా ఆ జీతము లెక్కన ఆరు నెలల కష్టము. కట్టలేనివాడు మరల తోటకు దాసుడై పోవలసినదే.

సరిగ్గా మరుసటి సంవత్సరము, 1896లో, అదే ప్రభుత్వము భారతీయులకు ఓటు హక్కు దొరకకుండునట్లు మరియొక చట్టము చేసింది. ఈ రెండు చట్టములు ఒకదాని వెంట ఒకటి వచ్చుట యాదృచ్ఛికము కాదు. ఓటు లేనివాని మీద పన్ను వేయుట సులభము. అతడు ఎన్నికలలో అడుగడు. 1913లో గనులలోను తోటలలోను వేలాదిమంది భారతీయ కూలీలు పని మాని, జైళ్లకు వెళ్లి, దెబ్బలు తిని పోరాడిన తరువాతనే 1914లో ఆ పన్ను రద్దయినది. అక్కడ అన్ని జాతులవారికి సమానమైన ఓటు వచ్చుటకు 1994 ఏప్రిల్ 27 వరకు కాచుకొనవలసి వచ్చింది. రంగయ్య గారి సంఘస్థుల మనుమలు, మునిమనుమలు ఆ దినమున తెల్లవారకమునుపే వరుసలలో నిలిచిన దేశము అది. మనము ఇంటి ప్రక్కనున్న బడికి నడచి వెళ్లి ఓటు వేయుటకు ఎండగా ఉన్నదని వెనుకాడుదుమా?

4. ఒక్క మనిషి, ఒక్క ఓటు

మన దేశములో కూడ ఓటు అందరిది కాదు. ఆంగ్లేయుల కాలములో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు. పాలేరుకు లేదు, మగ్గము కూలికి లేదు. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు ఆ గోడ కూలింది. 326వ అధికరణము ప్రకారము వయోజనులందరికి ఓటు వచ్చింది. మొదట 21 ఏండ్లు. 1989 నుండి 18 ఏండ్లు.

అంబేద్కరు గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో దీనినిగూర్చి హెచ్చరించారు. రాజకీయములలో సమానత్వము, సంఘములోను ఆర్థిక విషయములలోను అసమానత్వము అను పరస్పర విరుద్ధమైన జీవితములోనికి మనము ప్రవేశించుచున్నామని, ఈ విరుద్ధమును త్వరగా తీర్చకపోతే అసమానత్వము వలన బాధపడువారు ఈ ప్రజాస్వామ్యపు కట్టడమునే కూల్చివేస్తారని ఆయన మాటల భావము. ఓటు ఆస్తిని సమానము చేయదని ఆయనకు తెలుసు. అయితే అసమానత్వమును తీర్చుటకు మనచేతికి వచ్చిన పనిముట్టు అదే.

ఆ పనిముట్టు పదునుగలదని మా రాజపాళయమునకు మొదటి ఎన్నికలలోనే తెలిసింది. ఇక్కడి రాజుల కుటుంబములు శతాబ్దముల క్రిందట తెలుగు దేశమునుండి వలస వచ్చినవారు. ఇప్పటికి ఇండ్లలో తెలుగే. వారిలో 1898లో పుట్టిన పి.యస్. కుమారస్వామి రాజా గారు 1949 ఏప్రిల్ నుండి 1952 ఏప్రిల్ వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా ఉన్నారు. రాజ్యాంగము అమలైన దినమున ఆ పీఠములో ఉన్నది వలస తెలుగు కుటుంబపు బిడ్డ. సాదాగా జీవించినవాడని, తన ఇంటిని ప్రజలకు ఇచ్చినవాడని పేరు పొందినవాడు. అయినను వయోజనులందరు ఓటు వేసిన తొలి ఎన్నికలలో, 1952లో, తన శ్రీవిల్లిపుత్తూరు నియోజకవర్గములోనే ఓడిపోయారు. ఆయన ఫలితమును అంగీకరించి తప్పుకొన్నారు. తరువాత ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు. ఓడించినది సరియా తప్పా అన్నది వేరు సంగతి. కూలివాడు వేసిన కాగితము ముఖ్యమంత్రి వేసిన కాగితమంత బరువు తూగినది. మన దేశములో అంతకుముందు ఏ త్రాసులోను అట్లు తూగలేదు.

5. ఓటు మన ప్రాంతములో ఏమి చేసింది?

ఆ సహోదరి అడిగిన బియ్యము సంగతికి వద్దాము. మన విరుదునగర్‌లో పుట్టిన కామరాజు గారు ముఖ్యమంత్రిగా 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము రాష్ట్రమంతట ప్రారంభించారు. 1982లో ఎం.జి.ఆర్. గారి ప్రభుత్వము దానిని పౌష్టికాహార పథకముగా విస్తరించింది. 2011 జూన్ నుండి బియ్యపు కార్డులకు బియ్యము ఉచితము. 2022 సెప్టెంబరు 15న ప్రభుత్వ ప్రాథమిక బడులలో ఉదయపు ఫలహారము మొదలయినది. ఈ మేళ్లు చేసినవి ఒకే పార్టీ ప్రభుత్వములు కావు, ఒకరితో ఒకరు పోరాడిన పార్టీలు. ఒకరు పెట్టిన అన్నమును మరొకరు తీసివేయలేకపోయారు, దానికి పైగా పెట్టవలసి వచ్చింది. పిల్లల తల్లులకు ఓటు ఉన్నది గనుక.

రెండవ ఉదాహరణ. తమిళనాడులో అరుంధతీయులు పారిశుద్ధ్యపు పనిలోను, తోలు పనిలోను తరతరములుగా నలిగినవారు. వారిలో అనేకులు ఇంట తెలుగు మాట్లాడుదురు. షెడ్యూల్డు కులములకున్న 18 శాతములో తమకు చదువులు, ఉద్యోగములు అందుట లేదని వారు ఏండ్ల తరబడి అడిగారు. 2008లో జస్టిస్ జనార్దనం గారి కమిటీ వారి స్థితిని పరిశీలించింది. 2009లో శాసనసభ వారికి 3 శాతము ప్రత్యేకించి చట్టము చేసింది. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఇటువంటి విభజన చెల్లునని తీర్పు ఇచ్చింది. కూడుకొని అడిగారు, శాసనసభ విన్నది.

మూడవది బాధాకరమైన ఉదాహరణ. 1996లో తమిళనాడులో కొత్త చట్టము క్రింద పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు కొన్ని పంచాయతీలలో అధ్యక్ష పదవి దళితులకు కేటాయించబడింది. మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్మంగళం, మన జిల్లాలో కొట్టకచ్చియేందల్ – ఈ చోట్ల పదేండ్లు ఆ పదవిని నిలువనియ్యలేదు. నామినేషను వేయనియ్యలేదు, వేసి గెలిచినవారిచేత వెంటనే రాజీనామా చేయించారు. 2006 అక్టోబరులో గాని అక్కడ ఎన్నికలు సక్రమముగా జరుగలేదు. మేలవళవులో గెలిచిన పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను 1997 జూన్ 30న చంపివేశారు. పంచాయతీ అధ్యక్షుడు చేసేదేమి? కొళాయి, వీధి దీపము, చెరువు వేలము, రోడ్డు. ఇవి ఎవరి చేతిలో ఉన్నా ఒకటే అయినచో, ఆపుటకు కత్తులెందుకు? ఓటు విలువ మనకు తెలియకపోయినను, మనకు అది దక్కకూడదని కోరువారికి బాగుగా తెలియును.

ఇంకను మిగిలియున్న పనులు కూడ ఉన్నవి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులకు ఆ తలుపు తెరువబడలేదు. ఇది మన సంఘములలోని వేలాది ఇండ్లకు సంబంధించిన సంగతి. కలిసి అడుగనిదే, అడిగినవారి సంఖ్య కనబడనిదే, ఏ ప్రభుత్వము దీనిని చేతికెత్తుకొనదు.

6. మనలో వినబడే అభ్యంతరములు

"మనము పరలోక పౌరులము గదా." నిజమే. ఆ మాట వ్రాసిన పౌలే తనను కొట్టించి చెరలో వేసినప్పుడు రోమా పౌరసత్వమును జ్ఞాపకము చేసి అధికారులను జవాబు అడిగాడు. బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరములో దేవుడు ఆజ్ఞాపించినదేమి? ఇండ్లు కట్టుకొనుమని, తోటలు నాటుమని, ఆ పట్టణపు క్షేమము కోరుమని. ఆ పట్టణపు క్షేమములోనే వారి క్షేమము ఉన్నది. వలస వచ్చినవారమైన మనకు ఇంతకంటె సూటియైన వాక్యము లేదు. ఈ ఊరి నీళ్లు త్రాగుచు, ఈ ఊరి మిల్లులో జీతము తీసికొనుచు, ఈ ఊరి మేలు మనకు పట్టదనుట తగదు.

"అల్పసంఖ్యాకులము, మన ఓటుతో ఏమగును?" అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు అనుదిన వడ్డనలో విడువబడినారు. భాష వేరైనవారు, కొద్దిమంది. వారు సణిగి ఊరకుండలేదు, సంగతి బయటికి వచ్చింది. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచుకొనుమని సమూహమునకే చెప్పారు. ఎన్నుకొనబడిన ఏడుగురి పేర్లు గ్రీకు పేర్లే. వడ్డన సరియగుటకు మార్గము ఎన్నిక ద్వారానే వచ్చింది. బాప్టిస్టులమైన మనకు ఇది క్రొత్త కాదు. మన సంఘ వ్యవహారిక కూటములో పెద్ద కానుక ఇచ్చినవాని చెయ్యి ఒకటే, చిల్లర వేసిన విధవరాలి చెయ్యి ఒకటే. అదే నియమమును దేశము ఒప్పుకొన్నప్పుడు మనము సంతోషించవలసినది.

"అందరును దొంగలే. డబ్బిచ్చినవారికి వేసి చేతులు కడుగుకొనుట మేలు." ఈ మాట మన ఇండ్లలో వినబడుచున్నందుకు సిగ్గుపడవలెను. మదురై దారిలోనున్న తిరుమంగళములో 2009 జనవరిలో జరిగిన ఉప ఎన్నిక పేరు ఓటుకు డబ్బు పంచుటకు సామెత అయిపోయినది. 2019లో వేలూరు లోకసభ ఎన్నికనే డబ్బు కారణముగా రద్దు చేయవలసి వచ్చింది. ఓటు కొరకు డబ్బు ఇచ్చుట మాత్రమే కాదు, పుచ్చుకొనుట కూడ చట్టప్రకారము నేరము. ఒక సంవత్సరము వరకు జైలు శిక్ష ఉన్నది. లెక్క కూడ చూడండి. రెండు వేల రూపాయలు పుచ్చుకొన్నామనుకొందాము. ఐదు సంవత్సరములకు 1,826 దినములు. దినమునకు రూపాయి పది పైసలు కూడ కాదు. ఆ సొమ్ముకు మన పిల్లల బడిని, మన ఆసుపత్రిని, మన కూలి రేటును ఐదేండ్లకు అమ్మివేసినట్లే. ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వమును అమ్ముకొన్న ఏశావు కథ మనము పిల్లలకు చెప్పుచున్నాము గదా.

7. మనము చేయవలసినది

మొదట, పేరు చూచుకొనండి. 2025 నవంబరు 4 నుండి తమిళనాడులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగింది. డిసెంబరు 19న వెలువడిన ముసాయిదాలో సుమారు 97 లక్షల పేర్లు లేకుండ పోయినవి. చనిపోయినవారు, రెండు చోట్ల ఉన్నవారు వారిలో ఉన్నారు. కాని ఎక్కువమంది ఇల్లు మారినవారు, లేక వచ్చి చూచినప్పుడు ఇంట లేనివారు. అద్దె ఇండ్లలో ఉండి, షిఫ్టులకు పోవు మనబోటివారికే ఈ ప్రమాదము ఎక్కువ. క్రొత్తగా చేరుటకు 6వ నంబరు ఫారము, చిరునామా మార్పునకు 8వ నంబరు ఫారము ఉన్నవి. సంఘములో చదువుకొన్న యౌవనస్థులు ఒక ఆదివారము సాయంత్రము కూర్చుండి పెద్దలందరి పేర్లు చూచిపెట్టవలెను. తరగతిలో మొరపెట్టిన ఆ సహోదరి ఇంటి నాలుగు ఫారములు మా యౌవనస్థులే నింపారు.

రెండవది, ఒక్కచోటనే ఓటు ఉంచుకొనండి. కొందరికి ఆంధ్రలో స్వంత ఊరిలో ఒకటి, ఇక్కడ ఒకటి ఉన్నవి. రెండు జాబితాలలో ఉండుట చట్టము ఒప్పదు. ఎక్కడ నివసించుచున్నామో అక్కడనే ఉంచి రెండవది తీసివేయించుకొనవలెను.

మూడవది, పోలింగు దినమున సెలవు అడుగండి. దినకూలివారికి కూడ ఆ దినము జీతముతో సెలవు ఇయ్యవలెనని చట్టమున్నది. మిల్లులోను, బ్యాండేజి గుడ్డ నేసే షెడ్లలోను పనిచేయు మన సహోదరీలకు ఇది తెలియజేయండి.

నాలుగవది, అభ్యర్థిని అడుగండి. మన పార్లమెంటు స్థానమైన తెన్కాశి షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినది. పోటీ చేయువారు వారే అయినను ఓటు అందరిది. ఎవరు వచ్చినను కనీస వేతనము, హాస్టలులో ఉండి మిల్లులలో పనిచేయు ఆడపిల్లల భద్రత, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు – ఈ మూడు ప్రశ్నలైనను అడుగవలెను.

ఐదవది, ప్రసంగ పీఠమును ఏ గుర్తుకును అమ్మవద్దు. మతము పేరు చెప్పి అభ్యర్థి గాని, అతని సమ్మతితో మరొకరు గాని ఓట్లు అడుగుట ఎన్నికల చట్టములో అవినీతి చర్య. సంఘము వేరు, ప్రభుత్వము వేరు అని మొదటినుండి చెప్పుచు వచ్చిన బాప్టిస్టులము మనము. ఎవరికి వేయవలెనో ప్రతివాని మనస్సాక్షికి విడువండి. వేయవలెనన్నది మాత్రము అందరికి బోధించండి.

ముగింపు

ఓటు వేసినంత మాత్రమున విస్తరిలో ముద్దలు సమానము కావు. నెహెమ్యా కాలములో కూడ ప్రమాణము చేయించిన తరువాత దానిని నెరవేర్చవలసి వచ్చింది. ఓటు వేసిన తరువాత ఐదేండ్లు అడుగుచుండవలెను. అయినను అడుగుటకు నిలువవలసిన చోటు ఓటే. 1877లో కూలి తగ్గినప్పుడు మన ముత్తాతలకు ఆ చోటు లేదు. నేటాల్‌లో 3 పౌండ్లు కట్టినవారికి లేదు. మనకున్నది. ఉండియు విడిచిపెట్టిన యెడల మన పిల్లలకు ఏమి జవాబు చెప్పుదుము?

ఆ పెద్దాయన తరువాతి ఆదివారము తన ఓటరు కార్డు తెచ్చి, జాబితాలో తన పేరు కూడ చూడమని మా యౌవనస్థులకు ఇచ్చాడు. ఉన్నది.

తరగతిలో చర్చించుటకు

1. నెహెమ్యా 5లో జనుల బాధకు కారణములైన ఏర్పాట్లు ఏవి? అటువంటివి మన వీధిలో ఏవి?
2. మన సంఘ కూటములో ప్రతివాని చేతిని సమానముగా లెక్కించుచున్నామా? మాట్లాడుటకు స్త్రీలకు, కూలివారికి సమయమిచ్చుచున్నామా?
3. వడ్డనలో విడువబడుచున్నవారు మన ఊరిలో ఎవరు? వారి మొర ఎవరి యొద్దకు చేరవలెను?
4. మన సంఘములో ఓటు లేని పెద్దలు ఎంతమంది? ఈ వారములో వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు?